వ్రేలికొనపై వెలుగు: దాని సాక్ష్యము, దాని రొద



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును, కొలదిగా సంస్కృతమును జెప్పి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. బాల్యమున మా మాతామహుల యొద్ద తర్కసంగ్రహమును వల్లించితిని. ప్రకృతిశాస్త్రము నాకు గురుముఖమున లభించినది కాదు. ఉద్యోగము విరమించిన పిదప పుస్తకములు చూచియు, తెలిసిన డాక్టరులను అడిగియు నేర్చుకొన్నదే. అట్టివాడు వైద్యుల పరికరమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. కాని ఆ పరికరమును నమ్మి నేనొక పొరపాటు చేసితిని. అది నా ఆప్తమిత్రుని ప్రాణము మీదికి వచ్చెను. మఱియొకరు అట్టి పొరపాటు చేయకుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ఆ పరికరమును మీలో పెక్కుమంది చూచియే యుందురు. ఆరవేసిన బట్టలు ఎగిరిపోకుండ తీగకు బెట్టు క్లిప్పువలె నుండును. వ్రేలికొనకు దగిలించినచో లోపల ఎఱ్ఱని వెలుగు వచ్చి, పైన రెండంకెలు కనబడును. ఒకటి నాడి నిమిషమునకు ఎన్నిసారులు కొట్టుకొనుచున్నదో చెప్పును. రెండవది రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి యెంత గలదో, అందులో నూటికి ఎన్ని పాళ్ళు నిండియున్నవో చెప్పును. దీనిని పల్స్ ఆక్సిమీటరు అందురు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఇది పట్టణపు ఆస్పత్రులనుండి పల్లెల గడపలలోనికి దిగివచ్చెను.

2021 మే నెలలో మా యూరి ఆశా కార్యకర్తకు అట్టి పరికరమొకటి లభించెను. నేను ముఖమునకు గుడ్డ కట్టుకొని ఆమె వెంట ఇల్లిల్లు తిరుగుచు, అంకెలను పుస్తకములో వ్రాయుచుంటిని. అంకె 94 కంటె తగ్గినచో వైద్యుని జూడవలెనని కేంద్ర ఆరోగ్యశాఖవారు ఆ కాలమున సూచించియుండిరి.

మొదట మా వదినగారి సంగతి. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. చేతులకు వణకు గలదు. రెండు నాళ్ళుగా జ్వరము. నాడు వాన కురిసి ఆమె వ్రేళ్ళు మంచువలె నుండెను. క్లిప్పు తగిలించినంతనే 85 అని చూపెను. ఇంటిల్లిపాదియు గొల్లుమనిరి. అన్నకొడుకు ఆటో కొఱకు పరుగెత్తెను. నేను ఆమె చేతిని నా రెండు చేతుల నడుమ నుంచి వెచ్చజేసి, దిండుమీద కదలకుండ బెట్టి, ఒక నిమిషము వేచి చూచితిని. 97. మఱల చూచితిని. 97. వేఱొక వ్రేలికి దగిలించితిని. అప్పుడును 97. “భలే కనిపెట్టారు మాస్టారూ” అని ఆశా కార్యకర్త మెచ్చుకొనెను. నాకు గర్వము కలిగెను.

మూడు నాళ్ళ పిదప నా బాల్యమిత్రుని ఇంటికి బోయితిమి. ఆయన కర్షకుడు. పుట్టుకతోనే నేరేడుపండు వంటి మేనిచాయ. దానికి తోడు అఱువదియేండ్ల యెండ. ఆయన చేయి వెచ్చగా నుండెను, వణకు లేదు. పరికరముపై నాడిగీత చక్కగా లేచి పడుచుండెను. అంకె 95. ఎంతసేపు చూచినను 95. “ఏమంటారు బాబాయ్?” అని ఆయన కుమారుడు నన్నడిగెను. “95 ఉన్నది, భయము లేదు, రేపు మఱల చూతము” అని నేను లేచితిని. ఆశా కార్యకర్త మాత్రము లేవలేదు. “మాస్టారూ, అంకె బాగానే ఉంది గానీ, తాత ఊపిరి చూడండి” అని, గడియారము చూచుకొనుచు ఆయన రొమ్ము ఎగసిపడుట లెక్కించెను. నిమిషమునకు 32. నా మాటను గాదని ఆమెయే 108 బండిని పిలిపించెను.

ఆస్పత్రిలో వ్రేలికి దగిలించిన యంత్రము 94 అని చూపుచుండగనే, ముంజేతి ధమనినుండి తీసిన రక్తమును పరీక్షింపగా 87 అని తేలెను. ఇంకొక రాత్రి ఇంట నుంచియున్నచో కష్టమయ్యెడిదని డాక్టరు చెప్పెను. నా మిత్రుడు పందొమ్మిది నాళ్ళకు ఇల్లు చేరెను. ఇప్పటికిని చేనికి బోవునప్పుడు రెండు తావుల గట్టుమీద కూర్చుండనిదే ముందుకు సాగలేడు.

ఒకే పరికరము మా వదినగారికి లేని ఆపదను జూపెను; నా మిత్రునకు ఉన్న ఆపదను దాచెను. మొదటి తప్పును నేను పట్టుకొంటిని, రెండవదానిని పట్టుకొనలేకపోతిని. ఏలయనగా ఈ రెండును ఒక జాతి తప్పులు కావు. ఆ భేదమును మీకు విన్నవించుటయే నేటి నా పని.

ముందుగా వెలుగు రక్తమును ఎట్లు పరీక్షించునో చూతము. చీకటిలో టార్చిలైటును అఱచేతితో మూసినచో వ్రేళ్ళు ఎఱ్ఱగా వెలుగుట మనమందఱము చిన్ననాడు చూచినదే. ఆ యెఱుపునకు కారణము రక్తములోని హీమోగ్లోబిను అను పదార్థము. అది ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని, దేహమంతటను దించి వచ్చు బండివంటిది. సరకు నిండిన బండి నిగనిగలాడు ఎఱుపు. ఖాళీ బండి నలుపు దాల్చిన ఎఱుపు. ప్రాణవాయువు కూడినప్పుడును వీడినప్పుడును ఈ పదార్థము వెలుగును మ్రింగు తీరు మాఱునని 1864లో ఇంగ్లండునందు స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు చూపెను.

క్లిప్పులో ఒక ప్రక్క రెండు చిన్న దీపములు, ఎదుటి ప్రక్క వెలుగును కొలుచు ఒక కన్ను ఉండును. ఒక దీపపు వెలుగు తరంగము 660 నానోమీటరుల పొడవు. ఇది కంటికి గనబడు ఎఱుపు. రెండవదాని పొడవు 940 నానోమీటరులు. ఇది కంటికి గనబడని పరారుణము. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. ఖాళీ హీమోగ్లోబిను ఎఱ్ఱని వెలుగును మిక్కిలి మ్రింగును. నిండిన హీమోగ్లోబిను పరారుణమును ఎక్కువగా మ్రింగును. ఏ వెలుగు ఎంత మిగిలి ఎదుటి కంటిని జేరెనో పోల్చి చూచినచో, నిండిన బండ్లెన్నో ఖాళీ బండ్లెన్నో తెలియును.

చెప్పుటకు ఇది సులభమే. కాని వ్రేలిలో రక్తము మాత్రమే లేదు. చర్మము, మాంసము, ఎముక, గోరు, మరలిపోవుచున్న సిరల రక్తము, ఇవన్నియు వెలుగును మ్రింగును. ధమనులలో క్రొత్తగా వచ్చుచున్న రక్తపు మాట ఒక్కటే మనకు కావలసినది. 1935లో జర్మనీయందు కార్ల్ మాథెస్ అను వైద్యుడు రెండు రంగుల వెలుగుతో చెవితమ్మెను పరీక్షించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున గ్లెన్ మిలికన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎత్తున ఎగురు విమానచోదకుల కొఱకు అట్టిదే చేసి, దానికి ఆక్సిమీటరు అని పేరు పెట్టెను. ఆ దశాబ్దముననే ఎర్ల్ వుడ్ అను మఱియొకరు చెవిని నొక్కి రక్తమును వెడలగొట్టి ఒకసారియు, వదలి ఒకసారియు వెలుగును గొలిచి, భేదమును దీసెను. ఇవి పనిచేసినవి, కాని రోగి పడకకడ ప్రతి దినము వాడుకొనుటకు అనువుగా లేకుండెను.

చిక్కు విడిన విధము మిక్కిలి చిత్రమైనది. జపానుదేశమున టకువో అవోయాగి అను ఇంజనీరు గుండె ఎంత రక్తమును తోడుచున్నదో కనుగొనుటకు బూనెను. రక్తములో ఒక రంగును గలిపి, అది చెవిని దాటిపోవుటను వెలుగుతో కొలువవలెనని ఆయన యత్నము. కాని చెవిలో నాడి కొట్టుకొనునప్పుడెల్ల వెలుగు ఊగి, రంగుగీతను పాడుచేయుచుండెను. ఆయనకు నాడి వట్టి యుపద్రవము. దానిని తుడిచివేయుటకు రెండవ రంగు వెలుగును దెచ్చి, ఒకదాని ఊగుతో ఇంకొకదాని ఊగును గొట్టివేసెను. నాడి అణగినది. కాని రక్తములో ప్రాణవాయువు తగ్గినంతనే ఆ కొట్టివేత తప్పిపోయి, నాడి మఱల తల యెత్తెను. వేఱొకడైనచో విసుగుకొనెడివాడు. అవోయాగి ఆలోచించెను. నాడితో ఊగునది ధమనుల రక్తమొక్కటే. చర్మమును ఎముకయు ఊగవు. కావున ఆ ఊగును మాత్రము పట్టుకొని, రెండు రంగులలో దాని పాళ్ళను పోల్చినచో, ధమనిలోని ప్రాణవాయువు లెక్క దానంతటదే వచ్చును. తాను పాఱవేయదలచినదే తనకు గావలసిన సమాధానము. ఈ సంగతిని 1974లో ఆయన ప్రకటించెను. నేటి క్లిప్పులన్నియు ఆ యూహనుండి పుట్టినవే. ఆయన 2020 ఏప్రిలులో, తన పరికరము లోకమంతటను ఇల్లిల్లు దూరుచున్న దినములలోనే, దివంగతుడయ్యెను.

అక్కరలేని ఊగులాటకు శాస్త్రజ్ఞులు రొద యని పేరు పెట్టిరి. తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డ పిలుచుచుండును. ఆ పిలుపు వినబడకుండ జేయునది జనసమ్మర్దపు రొద. వెలుగుతో గొలుచు పరికరమునకును అట్టి తిరునాళ్ళే. వ్రేలిని దాటివచ్చు వెలుగు నూఱు పాళ్ళనుకొన్నచో, నాడితో ఊగునది తఱచుగా ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. చేయి చల్లబడి రక్తప్రవాహము సన్నగిల్లెనా, అది పాలులో పదవ వంతునకు దిగజారవచ్చును. అంత చిన్న పిలుపును పరికరము వినవలెను.

ఈ రొదలలో మొదటిది వెలుపలి వెలుగు. ఎండయు, గదిలోని దీపమును క్లిప్పు సందులనుండి లోపలికి జొచ్చును. మన ఊళ్ళకు వచ్చు కరెంటు సెకండుకు 50 మారులు అటునిటు ఊగుటచే పెక్కు దీపములు సెకండుకు 100 మారులు మిణుకును. పరికరము దీనికొక యుపాయము పన్నినది. ఎఱ్ఱదీపమును ఒకసారి, పరారుణ దీపమును ఒకసారి వెలిగించి, నడుమ రెండింటిని ఆర్పి చీకటిలో ఒకసారి చూచును. ఆర్పినప్పుడు గనబడినది పరాయి వెలుగు గదా, దానిని తీసివేయును. సెకండునకు కొన్ని వందల మారులు ఈ విధముగా చేయుచునే యుండును.

రెండవది పదార్థస్వభావమున బుట్టిన రొద. వెలుగు ఏకధారగా రాదు, కణములు కణములుగా వచ్చును. చినుకులు పడునప్పుడు వాకిట రెండు సమానమైన గంగాళములు పెట్టి చూడుడు. రెండింటిలో సరిగా అన్నే చినుకులు పడవు. దీనికొక గణితము గలదు. సగటున 100 చినుకులు పడుచోట భేదము 10 వఱకు ఉండుట సహజము, అనగా పదవ వంతు. 10,000 పడుచోట భేదము 100, అనగా నూఱవ వంతు. పది లక్షలైనచో 1,000, అనగా వేయవ వంతు. వర్గమూలమును దీసినచో భేదము తెలియును. చినుకులు పెరిగినకొలది సాక్ష్యము గట్టిపడును. నూఱవ వంతు పిలుపును వినగోరువాడు నూఱవ వంతు రొదతో తృప్తిపడరాదు గనుక, పరికరమునకు పెక్కు కణముల వెలుగు కావలెను. 1918లో జర్మనీయందు షాట్కీ అను విద్వాంసుడు రేడియో గొట్టములలోని విద్యుత్కణములు పుట్టించు ఇట్టి చిటపటలను గణించెను. 1928లో అమెరికాయందు జాన్సన్ అనువాడు తీగలలోని వేడియే ఒక బుసను పుట్టించునని చూపెను. మీ రేడియోలో రెండు స్టేషనుల నడుమ వినబడు బుసబుసలో కొంత భాగము దానికి చుట్టమే.

ఇట్టి రొదకు మందు ఓర్పు. ఒక మారు చూచిన అంకెకంటె నాలుగు మారులు చూచి తీసిన సగటులో రొద సగమగును. పదునాఱు మారుల సగటులో నాలుగవ వంతగును. కావుననే పరికరము తాను చూచిన ప్రతి నాడిని వెంటనే చెప్పక, కొన్ని సెకండుల సగటును జెప్పును. ఓర్పునకు వెల గలదు: రోగి స్థితి గబాలున దిగజారినచో అంకె కొంత ఆలస్యముగా దిగును.

మూడవది, అన్నిటిలో మోసకారి, కదలిక. చేయి వణకినప్పుడు ధమనుల రక్తమే గాక సిరల రక్తమును, మాంసమును కూడ కదలును. రెండు వెలుగులును ఇంచుమించు సమానముగా ఊగును. ఇచ్చట ఒక రహస్యము గలదు. పరికరము రెండు ఊగుల నిష్పత్తిని దీసి, దానికి సరియగు అంకెను తనలోని పట్టికలో వెదకును. నిష్పత్తి సరిగా ఒకటి యైనచో ఆ పట్టికలో 85 కు దాపుగా ఉండును. కావున రొద పిలుపును ముంచివేసినప్పుడు, నిజము 98 కానిండు, 70 కానిండు, అంకె 85 వైపునకు జరుగును. ఆరోగ్యవంతుడు రోగివలెను, ఆసన్నమరణుడు కొంచెము మేలుగ నున్నవానివలెను గనబడవచ్చును. మా వదినగారి 85 ఇట్టిదే. నేనానాడు చేయి వెచ్చజేసి కదలకుండ జేసితినే గాని, ఈ కారణము నాకు తెలియదు.

ఇంతవఱకు చెప్పిన రొద మన తర్కశాస్త్రమువారి రజ్జుసర్పము వంటిది. మసక వెలుతురులో త్రాడు పామువలె దోచును. దీపము దెచ్చి నిలిచి చూచినచో భ్రాంతి తొలగును. మఱల మఱల చూచుటయే దానికి పరిహారము.

కాని ఆ శాస్త్రమునందే వేఱొక దృష్టాంతము గలదు: పీతశంఖము. కామెర్లు గలవానికి తెల్లని శంఖము పచ్చగా దోచునందురు. వాడు పదిమారులు చూచినను పచ్చగనే యుండును. దీపము దెచ్చినను పచ్చగనే యుండును. అంకె నిలకడగా నుండును, నాడిగీత చక్కగా నుండును, తప్పు మాత్రము అట్లే యుండును. దోషము చూచు కంటిలో నున్నది. ఓర్పు దీనికి మందు కాదు. ఎన్ని మారుల సగటు తీసినను తప్పునకే గట్టి సాక్ష్యము చెప్పించుకొన్నట్లగును. త్రాడును త్రాడని గుఱుతించితినను గర్వముతో నేను శంఖముకడ మోసపోతిని.

పరికరమునకు ఈ దోషము ఎచ్చటనుండి వచ్చును? పట్టిక మాట చెప్పితిని గదా. ఆ పట్టికను ఆకాశమునుండి తేలేదు. ఆరోగ్యవంతులగు స్వచ్ఛంద సేవకులచే ప్రాణవాయువు తక్కువగా నున్న గాలిని పీల్పించి, వారి ధమనుల రక్తమును దీసి పరీక్షించి, ఏ నిష్పత్తికి ఏ అంకెయో వ్రాసికొనిరి. వారి ప్రాణమునకు ముప్పు రాకుండ 70 కడ ఆపివేయుదురు. 70 కంటె క్రింద పరికరము చెప్పునది ఊహ. మఱియు పట్టిక ఎవరి వ్రేళ్ళమీద తయారయ్యెనో వారికే అది బాగుగ నప్పును. నల్లని చాయ గలవారు ఆ పరీక్షలలో తక్కువగా నున్నచో, వారి విషయమున పట్టిక తప్పుటకు అవకాశము గలదు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థము ఎఱ్ఱని వెలుగును పరారుణముకంటె ఎక్కువగా మ్రింగునది.

ఇది ఊహాగానము కాదు. 1990లోనే అమెరికాయందు జుబ్రాన్, టోబిన్ అను వైద్యులు నల్లజాతి రోగులయందు ఈ పరికరము ఎక్కువగా తప్పుచున్నదని వ్రాసిరి. ముప్పదియేండ్లు పెక్కుమంది దానిని పట్టించుకొనలేదు. 2020 డిసెంబరులో అచ్చటి మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు వేలకొలది పరీక్షలను పోల్చిచూచిరి. పరికరము 92 మొదలు 96 వఱకు చూపినప్పుడు, రక్తపరీక్షలో 88 కంటె తక్కువగా తేలినవి తెల్లవారియందు 2,778 లో 99. నల్లవారియందు 749 లో 88. అనగా నూటికి 3.6 ఒకచోట, 11.7 ఇంకొకచోట. మూడింతల భేదము. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ, ఈ పరికరములను నానావర్ణముల చర్మము గలవారిమీద ఇంకను విరివిగా పరీక్షింపవలెనని ఒక సూచనల చిత్తుప్రతిని బ్రకటించెను.

మన దేశమున మేనిచాయలు పలు తెఱగులు. నా మిత్రుని విషయమున 94కును 87కును గల భేదమంతయు చాయవలననే వచ్చినదని నేను దావా చేయను. కాని ఆయన వంటివారి విషయమున పరికరము మేలుగ జెప్పుటకు మ్రొగ్గునని నాకు ముందుగా దెలిసియున్నచో, 95 ను జూచి లేచి వచ్చియుండను.

శంఖమును పచ్చజేయు కారణములు మఱి రెండు గలవు. దట్టమైన గోళ్ళరంగు గాని, వ్రేలికొనలకు బెట్టు నల్లని పూత గాని వెలుగునకు అడ్డుపడవచ్చును. అప్పుడు రంగులేని వ్రేలిని చూచుకొనవలెను. రెండవది మిక్కిలి భయంకరము. చలికాలమున తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. అది హీమోగ్లోబినును గట్టిగా పట్టుకొని ప్రాణవాయువునకు చోటు లేకుండ జేయును. కాని విషము నిండిన ఆ బండియు ఎఱ్ఱగనే యుండుటచే, పరికరము దానిని ప్రాణవాయువు నిండిన బండిగానే లెక్కించును. మనుష్యుడు స్పృహ తప్పుచుండగా అంకె 98 అని చూపవచ్చును. అట్టిచోట అంకెను జూడక, తలుపులు తెఱచి, రోగిని వెలుపలికి దెచ్చి, ఆస్పత్రికి గొనిపోవలెను.

ఇట్లయినచో ఈ పరికరమును పాఱవేయుదమా? కూడదు. సాక్షికి చూపు మందమని తెలిసినచో అతని మాటను త్రోసివేయము, ఎంతవఱకు నమ్మవలెనో నిర్ణయించుకొందుము. మంచి పరికరమైనను మూడింట రెండు మారులు రక్తపరీక్షకు రెండు మూడంకెల లోపలను, నూటికి తొంబదియైదు మారులు నాలుగు మొదలు ఆఱంకెల లోపలను ఉండునట్టిది. అందుచే 95 అనగా 95 అను ఒక్క గీటు కాదు. కొంత మేర యని తలపవలెను.

ఇక పాటింపదగినవి చెప్పెదను. రోగిని కొంచెముసేపు కూర్చుండబెట్టుడు. చేతిని వెచ్చజేసి, రొమ్మున కెదురుగా ఆసరాపై నుంచుడు. ఎండ తగులనీయకుడు, వ్రేలిపై గుడ్డ కప్పుట మంచిది. తొలి అంకెను వ్రాయకుడు. ఒక నిమిషము నిలకడగా నున్న అంకెను వ్రాయుడు. మన పెద్దలు మణికట్టున నాడి చూచెడివారు గదా. మీరును చూచి లెక్కించి, పరికరము చూపు నాడి సంఖ్యతో పోల్చుడు. రెండును కలియనిచో పరికరము నాడిని గాక రొదను వినుచున్నదని తెలిసికొనుడు. ఇవన్నియు రజ్జుసర్పమునకు మందులు.

పీతశంఖమునకు మందు వేఱు. ఒకే మనుష్యుని అంకెను ఒకే పరికరముతో, ఒకే వేళకు, దినదినము వ్రాసియుంచుడు. తప్పు త్రాసైనను, నిన్న తూచిన బస్తానే నేడు తూచినచో బరువు తగ్గినదా లేదా చెప్పగలదు. నిన్న 98, నేడు 95 అయినచో, 95 ను జూచి సంతోషింపక, మూడు తగ్గినదని ఆలోచింపుడు. అన్నిటికంటె ముఖ్యము, వేఱొక సాక్షిని పిలువుడు. నిమిషమునకు ఊపిరి ఎన్నిమారులు? మాట నడుమ ఆగుచున్నాడా? పెదవులు నీలివారినవా? మగతగా నున్నాడా? నల్లని చాయ గలవారి పెదవులపై నీలము తెలియనిచో నాలుకను జూడుడు. వీనిలో ఒక్కటి చెడ్డగ దోచినను, అంకె ఎంత మేలుగ నున్నను, వైద్యునికడకు గొనిపొండు.

ఆశా కార్యకర్త చదివినది పదవ తరగతి. ఆమెకు నిష్పత్తియు తెలియదు, తర్కసంగ్రహమును తెలియదు. కాని నేను అంకెయే సర్వమనుకొని ప్రక్కకు నెట్టిన ఎగపోతను ఆమె సాక్ష్యముగా గ్రహించెను. అవోయాగి పాఱవేయబోయిన నాడిలో సమాధానమును గన్నట్లే, నేను విననొల్లని ఊపిరిలో ఆమె నా మిత్రుని ప్రాణమును గనుగొనెను. నేటికిని ఆయన అరుగుమీద కూర్చుండి నన్ను జూచినప్పుడెల్ల వ్రేలు చూపి, “ఎంత ఉంది మాస్టారూ?” అని నవ్వును. నేను అంకె చెప్పను. ఆయన ప్రక్కన గూర్చుండి, మాటలాడుచునే, ఊపిరి లెక్కించుచుందును.